రజిత మనసులో మాట అత్తకు మోసింది నేనే

ఏళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

జపాన్‌లో పని కోసం మేం కొందరం నర్సులం కరీంనగర్‌లో ఉండి ఆ భాష నేర్చుకునేవాళ్లం. ఒకరోజు పాఠం, మనకేం కావాలో, ఏం చేయాలనుందో చెప్పడం. "జపాన్‌కు వెళ్లాలనుంది" అని చెప్పడానికి లేచి సగంలోనే తడబడ్డాను. నా హాస్టల్ గదిలోనే ఉండే రజిత పక్కనుంచి అందుకుంది.

"దీనికి కోరికేమో బారెడు, నాలికేమో మూరెడు సార్!"

క్లాసంతా పగలబడి నవ్వింది. ఆనాటి నుంచి అందరికీ నేను 'మూరెడు'నే. రజిత తెల్లారేసరికి మరిచిపోయింది. నేను మరవలేదు. దీని పొగరు దించకపోతే చూడు అనుకున్నాను.

సాయంత్రాలు హాస్టల్ వరండాలో ఇద్దరం కలిసి ఆ వాక్యాలే వల్లె వేసేవాళ్లం. తెలుగులో అత్తగారింటి గురించి ఎన్నడూ నోరు విప్పని రజిత ఒకరోజు "కయెరితకునాయ్" అంది. అంటే, తిరిగి రావాలని లేదు అని. అని, కళ్లు తుడుచుకుంది. అది పాఠం కాదని నాకు అర్థమైంది.

ఆదివారం మెట్‌పల్లి నుంచి ఆమె అత్త సర్వపిండి పట్టుకొచ్చింది. రజిత స్నానానికి వెళ్లింది.

"అవ్వా, రజిత జపాన్ పోతె మళ్ల రాదట."

"గట్లని ఎవలన్నరు?"

"అదే అన్నది. నా పేరు ఎత్తకు."

"ఎత్తను తియ్ బిడ్డా."

అంతే. దుబాయ్‌లో ఉండే రజిత భర్త నుంచి ఫోన్, అత్త చేతికి పాస్‌పోర్టు, రజిత పెట్టె సర్దుకోవడం. బస్టాండులో ఆమెను ఓదారుస్తూ లోపల నవ్వుకున్నాను. అబద్ధమెందుకు, పండగలా అనిపించింది.

జపాన్ భాషలో ఎదుటివాళ్ల కోరికను మనం తెలిసినట్టు చెప్పకూడదని సార్ ఆ పాఠంలోనే అన్నారు. విన్నాను కదా? ఒక నవ్వుకు ఒక బతుకు లాక్కోవాలా?

నేను జపాన్ వెళ్లాను. మొన్న సెలవులో వస్తే మెట్‌పల్లి మార్కెట్‌లో రజిత కనిపించి నా చేయి పట్టుకుంది.

"నువ్వన్న పోయినవ్, మంచిగైంది. హాస్టల్‌ల నా ముచ్చట ఎవలు ఇన్నరో, అత్తకు ఎవలు చెప్పిన్రో గని, వాళ్ల నోట్ల మన్నువడ!"

"అవునే, మన్నువడ" అన్నాను నేను.

నా శాపం నేనే పెట్టుకున్నాను. అయినా 'మూరెడు' అన్న పిలుపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అదీ దాచను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ నోరు నాదేనని ఒక్కరికైనా చెప్పాలనుంది. చెప్పాను.