మా మేడ మీద అడవి

ఆ రోజుల్లో నాకు అడవి అంటే ఫోన్లో కనిపించేదే. అందులో ఎవరో గడ్డం ఆయన వెదురు బొంగులో నీళ్ళు కాచుకుని తాగి మురిసిపోతుంటే, నేను మల్కాపురంలో మా ఇంట్లో ఫ్యాను కింద పడుకుని 'ఓస్, ఇంతేనా' అనుకునేదాన్ని. అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరాను. (ఉద్యోగమంటే గాజువాకలో కంప్యూటరు ముందు కూర్చోవడం. అడవికీ దానికీ ఏ సంబంధమూ లేదు.) ఆఫీసు అమ్మాయిలంతా అరకు కొండల్లో క్యాంపుకి బయలుదేరుతున్నారు. నాకూ వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అమ్మనడిగితే నాన్ననడగమంది. నాన్న అన్నం తింటూ తల కూడా ఎత్తలేదు.

"ఇంట్లో టీ ఎట్టడం రాదు, అడివిలో ఏటి సేత్తావే?"

"నాను నేర్సుకున్నాను నాన్నా. వీడియోల్లో సూశాను."

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పాడు. "ఆదివారం నాను డూటీ నుంచొచ్చేసరికి మేడ మీద అన్నం వండి ఉంచు. వంటింట్లో గిన్నె గానీ గేసు గానీ ముట్టుకోకూడదు. నెగ్గితే ఎల్లు. లేదంటే మళ్ళీ ఆ మాటెత్తకు."

ఆదివారం అమ్మ బజారుకి వెళ్ళగానే ఇల్లంతా గాలించాను. అటక మీద తాతయ్య నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె దొరికింది. మూత వెనక్కి తెరిచి నిప్పులు పోస్తే అంతకంటే బుల్లి పొయ్యి ఇంకేముంటుంది? ఖాళీ పాలపొడి డబ్బా గిన్నె అయింది. రాజేయడానికి కొబ్బరి పీచు, దేవుడి గదిలోంచి గుప్పెడు కర్పూరం. (దేవుడు అడవిలో కూడా ఉంటాడు కదా, ఏమీ అనుకోడని ధైర్యం.) సముద్రపు గాలికి అడ్డంగా నాన్న గొడుగు. డబ్బాలో నీళ్ళు మరిగాయి, బియ్యం పోశాను, అన్నం కుతకుతలాడింది. దాంతో నాకు పొగరెక్కింది. వట్టి అన్నం పెడితే ఏం గొప్ప, ఎండుచేపలు కూడా కాల్చి నాన్నకి నోట మాట రాకుండా చేద్దామనుకున్నాను. పక్కనే రెండు ఇటుకల మధ్య ఇంకో మంట వేసి, మూల పడున్న టేబుల్ ఫ్యాను జాలీ ఊడదీసి దాని మీద పెట్టి, చేపలు పరిచాను. ఆ జాలీ తీగలకి ప్లాస్టిక్ పూత ఉంటుందని గడ్డం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

పూత కరిగింది, చేపలు మాడాయి, కర్పూరం వాటికి తోడయింది. మాలా చమురు రిఫైనరీ పక్కన బతికేవాళ్ళకి వాసనల లెక్క వేరు. రోజూ వచ్చే వాసనని మేం పట్టించుకోం. కొత్త వాసన వచ్చిందా, చేతిలో పని చేతిలోనే వదిలేసి గడప దాటేస్తాం. ఈ విషయంలో మా ఎదురింటావిడ అందరికంటే ముందు కేక పెట్టేది. అందుకే వీధంతా ఆవిడని సైరనత్త అనేవాళ్ళం.

"గేసు! గేసు లీకయ్యిందర్రా! తడిగుడ్డలు కట్టుకుని బేగి రండి!"

ఆ కేక నేనూ విన్నాను. ముక్కులో ఆ వాసన, కళ్ళ ముందు ఆ నల్లటి పొగ. అయినా నిజం చెప్తున్నాను, అది నా వంటేనని నా బుర్రకి తట్టనే లేదు! చున్నీ బకెట్లో ముంచి ముక్కుకి కట్టుకున్నాను. ఒక్క ఉదుటున కిందికి దిగి, వంటింట్లో సిలిండరు కట్టేశాను. మోకాళ్ళ నొప్పులతో తన గుమ్మంలోనే చిక్కుబడిపోయిన సైరనత్త చెయ్యి పట్టుకుని, కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూసుకుని, గాలికి అడ్డంగా నడిపించుకుంటూ వెళ్ళాను. వీధి వీధంతా సందు చివర చేరాం. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే పొగ రిఫైనరీ వైపు లేదు.

"అదేటే, మీ మేడే కదా?" అంది సైరనత్త, ముక్కు మీది గుడ్డ కిందికి లాగి.

నాకు తల కొట్టేసినట్టయింది. అంతలో నాన్న వచ్చాడు. డ్యూటీ నుంచి వస్తూ జనాన్ని చూసి, బండి రోడ్డు మీదే వదిలేసి, ఎదురైన ప్రతి మొహంలోనూ నన్ను వెతుక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు. నేను కనబడగానే భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. దాంతో నాకు ఏడుపు ఆగలేదు. ఇక క్యాంపు లేనట్టేనని అప్పుడే అర్థమైపోయింది.

అందరూ మా మేడెక్కారు. సైరనత్త మోకాళ్ళ సంగతి మరిచిపోయి, మెట్ల మీదే జరిగిందంతా నాన్నకి పూస గుచ్చినట్టు చెప్పింది. నాన్న మంటార్పి, చేపల్ని జాలీతో సహా అవతల పారేసి, పాలపొడి డబ్బా మూత తీశాడు. అడుగున మాడు, పైన పలుకు, మధ్యలో మాత్రం కాస్త అన్నం. నిలబడే ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వీధంతా ఆయన దవడనే చూస్తోంది.

"వంట రాదు," అన్నాడు చివరికి. నేను తల దించుకున్నాను. "కానీ కేక ఇనగానే తడిగుడ్డ కట్టింది. గాలి సూసుకుంది. అత్తనొదల్లేదు. అడివిలో అంతకన్నా ఏటి కావాల? ఎల్లమ్మా."

"అక్కడైతే నీ పొగకి బెదిరిపోడానికి పక్కిళ్ళు కూడా ఉండవు," అంది సైరనత్త. "ఏదీ, నాకూ ఓ ముద్దెట్టు."

ఆవిడ తిన్నాక ఇంకొకరు చెయ్యి చాపారు. డబ్బా అడుగు గీకేదాకా అందరూ తిట్టుకుంటూ, నవ్వుకుంటూ తిన్నారు.

తీరా క్యాంపుకి వెళ్తే అక్కడ వంటమనుషులున్నారు. నన్ను ఒక్క పుల్ల కూడా వెలిగించనివ్వలేదు. తర్వాత్తర్వాత నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గర మడిచి సంచీలో పెట్టుకునే పొయ్యి ఉంది. ఏ కొండ మీద కూర్చున్నా అన్నం మల్లెపూవుల్లా ఉడుకుతుంది. పొగ లేదు, వాసన లేదు, కేకలు పెట్టేవాళ్ళు లేరు. హాయిగానే ఉంటుంది. కాకపోతే పళ్ళెంలో పెట్టుకున్నాక ఓసారి అటూ ఇటూ చూస్తాను. ఇంత బాగా వండిన అన్నంలో ఒక్క ముద్ద అడిగేవాళ్ళు కనబడరు. నాలో నేనే నవ్వుకుని, వేడి మీదే తినేస్తాను.