సర్వీసుకు కనిపించని దారి

మొన్న వీపనగండ్లలో బాలమణి మేడం అంత్యక్రియలు చూసి వస్తుంటే, గద్వాల దగ్గర బస్సు కిటికీలోంచి తడిసిన పల్లికాయ వాసన వచ్చింది. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో మేమిద్దరం గద్వాలలో ఒక పల్లీల మిల్లులో కంప్యూటర్లు చూసేవాళ్లం. ఆమె నాకు పై అధికారి. ట్రాక్టరు కాంటా ఎక్కగానే తూకం తీసుకుని చీటీ అచ్చువేసే ప్రోగ్రాము విండోస్‌లో సర్వీసుగా, అంటే ఎవరూ తెరవకుండానే వెనకాల నడిచేది. తూకాలు ఏ ఫోల్డరులో రాయాలో ఆ దారిని దానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే ఒక సెట్టింగు చెప్పేది. ఫోల్డరును కొత్త డిస్కుకు మార్చిన రోజు చీటీలు ఆగిపోయాయి. ధరూర్ వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు గేటు బయటి దాకా నిలిచాయి. మబ్బు కమ్ముతోంది. కాయ తడిస్తే ధర పడిపోతుంది.

ప్రోగ్రామును నా లాగిన్‌లో చేత్తో నడిపితే చీటీ వచ్చేది. సర్వీసుగా పెడితే వచ్చేది కాదు. మళ్లీ మళ్లీ అదే చేశాను.

"నాకైతే మంచిగనే వస్తుంది మేడం."

"నీకొస్తే ఏం జేసుకోవాలె రాములూ? డిస్కు మార్చినాయన కొత్త దారి నీ లాగిన్ల పెట్టి పోయిండు. సర్వీసు నీ పేరు మీద నడుస్తుందా? దానికేం కనవడ్తుందో జూడు."

సర్వీసు నా పేరు మీద కాదు, విండోస్ సొంత సిస్టం ఖాతా కింద నడుస్తోంది. దానికి ఇంకా పాత దారే ఉంది. ఆ ఖాతా చదివే సిస్టం వేరియబుల్‌ను మార్చి సర్వీసును ఆపి మొదలుపెట్టాను. అయినా రాలేదు. విండోస్ లేచేటప్పుడు చదువుకున్న విలువలనే సర్వీసులకు ఇస్తుందట. మిషన్, అంటే కంప్యూటర్ మొత్తాన్నే ఆపి లేపాలంది మేడం.

"ఇప్పుడు బంద్ జేస్తే రైతులు తంతరమ్మా," అన్నాడు మిల్లు సేటు.

"తంతే నన్ను తంతరు. మీరు లోపల్నే కూసోండ్రి."

మిషన్ ఆపించి తనే గేటు దగ్గరికి వెళ్లింది. ఒక పెద్దాయన అరిచాడు: "ఏందమ్మా, మబ్బును గూడ బంద్ జేస్తవా?"

"గది నా చేతుల లేదు పెదనాయనా. తప్పు మాది. జర పరదా కప్పుకో."

మిషన్ లేచింది. చీటీ వచ్చింది. నేను హమ్మయ్య అనుకునేలోపే నన్ను లాగౌట్ చేయించి, ఎవరూ లాగిన్‌లో లేకుండా ఇంకో చీటీ వచ్చేదాకా ప్రింటరు పక్కనే నిలబడింది. పెద్దాయన ట్రాక్టరు కాంటా మీద ఉండగానే చినుకులు మొదలయ్యాయి. వెనకవాళ్లవి కొన్ని తడిశాయి.

"పని ఒడిసింది గద మేడం," అన్నాను.

"మనకు ఒడిసింది. వాండ్లకు ఒడవలే," అని, సేటుతో పోట్లాడి షెడ్డు తెరిపించడానికి వానలోకి నడిచింది.

ఏ పనైనా నా దగ్గర నడిచిందంటే ఇప్పటికీ నమ్మను. అవతలి మనిషిని అడిగేదాకా ఊరుకోలేను.

పోయిన నెల మేడంను చేర్చిన దవాఖానలో, మందు బాగా పనిచేస్తోందని గది బయట బంధువులు చెప్పారు. లోపలికి వెళ్లి ఆమెనే అడిగాను.

"కాగితాలల్ల బాగున్ననట," అంది మేడం. "నాకైతే బాగలేదు రాములూ."

నేను సరిచేయగలిగింది అక్కడ ఏమీ లేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.