రాళ్ళ వానకు ఓర్చిన మల్లెలు

మా చెల్లెలు పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను పెరట్లో ఉన్నాను. రాళ్ళ వాన అప్పుడే వెలిసింది. మల్లెచెట్ల మీద మంచుగడ్డలు తెల్లగా పేరుకొని ఉన్నాయి. దులుపుదామని చెయ్యి ఎత్తాను. ఇంతలో ఆసుపత్రి నుంచి మా నడిపి చెల్లెలు. "అక్కా, చిన్నది మనల్ని ఇడిసిపెట్టి పోయిందక్కా" అనింది. ఎత్తిన చెయ్యి అలాగే దించేశాను.

ముగ్గురు అక్కచెల్లెళ్ళలో నేను పెద్ద, పోయినామె చివరిది. తిరుపతిలో మా ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో నడుమెత్తు గోడ. రెండు పెరళ్ళలోనూ ఒకే చెట్టు నుంచి తెచ్చిన మల్లె అంట్లు. నేను వేళకు నీళ్ళు పోసేదాన్ని. స్నానం చేయకుండా మొగ్గ ముట్టేదాన్ని కాదు. ఆమె కాఫీ గ్లాసుతో వచ్చి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి, చెట్టుతో నాలుగు మాటలాడి పోయేది. విరగబూసేవి మాత్రం ఆమెవే. పోయిన మనిషి గురించి రాస్తూ ఈ మాట చెప్పకూడదేమో. నాకు కుళ్ళుగా ఉండేది.

పూలు కట్టేటప్పుడు అరటినారను నోట్లో పెట్టుకొని తడిపేది.

"దేవుడి నార ఎంగిలి చేస్తావా? గిన్నెలో నీళ్ళు లేవా?" అనేదాన్ని.

"గిన్నె నీ దగ్గర ఉండాది గదక్కా. లేసి రావాల్నా?" అనేది. నార తియ్యకుండానే నవ్వేది.

మా వీధి రాములవారికి నవమి నాడు వేసే మొదటి మాల వీధిలో ఒక ఇంటిది. గుడి అయ్యవారు పెరళ్ళు చూసి, ఎవరి మల్లెలు బాగుంటే వాళ్ళకు చెప్పిపోతారు. ఏటా గోడకు అవతలే ఆగేవారు. ఒక్క ఏడాదైనా ఆ మాల నాది కావాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అడిగేదాన్ని. అడగవలసిన కోరికలు ఎన్నో ఉండగా, ఇది.

ఒక ఏడాది అయ్యవారు మా గేటు ముందే ఆగారు. "పెద్దమ్మా, ఈసారి మాల మీదే" అన్నారు. నవమి ఇంకో వారం ఉందనగా రాళ్ళ వాన పడింది. పెరడంతా తెల్లబడిపోయింది. పుల్లల చీపురు తీసుకొని పరుగెత్తాను.

"అక్కా, ముట్టొద్దు!" గోడ మీదినుంచి ఆమె అరిచింది. "దానంతట అదే కరగనీ. ఇప్పుడు దులిపినావంటే మొగ్గలన్నీ రాలిపోతాయి."

నా చెట్లు బతకడం ఆమెకు ఇష్టం లేదనుకున్నాను. "నీ చెట్లు నువ్వు సూసుకో" అని దులిపాను. గడ్డలతో పాటే మొగ్గలూ రాలాయి. ఆమె గోడ మీద చేతులు పెట్టుకొని చూస్తూ ఉండింది. నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె చెట్లు రెండు రోజులు తల వాల్చుకున్నాయి. చిల్లులు పడ్డ ఆకుల మధ్య మూడో రోజు నుంచి పూశాయి. నవమి నాడు పొద్దున్నే ఆమె బుట్టనిండా తన మల్లెలతో వచ్చింది. "గమ్మున కూసోని కట్టక్కా, పొద్దెక్కతా ఉండాది."

గుడిలో అయ్యవారు మాల అందుకున్నారు. "ఇంత వానకు నిలిచినాయే! ఎవరివమ్మా?"

"మా అక్కవి, సామీ" అనింది నేను నోరు తెరిచే లోపలే.

"పెద్దమ్మ నిష్ఠ ఊరికే పోతుందా!" అన్నారాయన. నేను కాదనలేదు. దండం పెట్టి నిలబడ్డాను.

బయటికొచ్చాక అడిగాను, అబద్ధమెందుకు చెప్పినావని. "ఎవురివైతే ఏమక్కా? రాముడేమన్నా అడిగినాడా?" అనింది. అంత తేలిగ్గా ఇచ్చేయడం ఆమెకు ఎలా వచ్చిందో. పూలకన్నా దానికే ఎక్కువ కుళ్ళుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మాల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను: ఆ ఏటి మాల నాది కాదు, మా చెల్లెలిది.

చెల్లెలు పోయాక, మైల ఉన్నన్నాళ్ళూ కోసేవాళ్ళు లేక ఆమె పెరట్లో మల్లెలు పూసి రాలాయి. ఈసారి నా చెట్లనూ నేను ముట్టలేదు. మొగ్గలు నిలిచాయి. అయినా కర్మ ముగిసి నవమి వచ్చేసరికి అవతల పూలు, ఇవతల ఇంకా మొగ్గలే. ఈ తూరి కూడా నువ్వే ముందా, అనుకున్నాను. గోడ అవతలికి వెళ్ళి కోసుకొచ్చాను. కట్టడానికి కూర్చుంటే నార ఎండిపోయి ఉంది. నీళ్ళ గిన్నె పక్కనే ఉంది. నార నోట్లో పెట్టుకున్నాను.

"పెద్దమ్మా, మీ మల్లెలేనా?" అన్నారు గుడిలో అయ్యవారు.

"కాదు సామీ. మా చెల్లెలివి. ఆ రాళ్ళ వాన యేటివి కూడా ఆమెవే."

ఆయన మాల స్వామికి వేశారు. వాన రాయి తగిలి ఎర్రమచ్చ పడిన మల్లె ఒకటి సరిగ్గా రాముడి గుండెల మీద నిలిచింది. చూస్తూ నిలబడ్డాను, కొంచెం అసూయగానే.