రెండు తలలు పట్టే మెడ

కొత్త ఫెరన్ తొడుక్కున్న మొదటి రోజే, మోకాళ్ళదాకా వేలాడే ఆ ఉన్ని అంగీలో పొరుగింటి కోడిపెట్ట చేరింది. బడిలో నేను రెండో పాఠం చెబుతుండగా అది కొక్కొక్కోమనేదాకా నాకా సంగతి తెలియదు. తప్పు నాదీ కాదు, కోడిదీ కాదు. దర్జీ ఖాలిక్ కాకాది.

ఎవరి ఒళ్ళు కొలిచినా ఇద్దరికి సరిపడా కుట్టడం కాకా అలవాటు. మా ఊళ్ళో చలికాలం మనుషులు నడవరు, డేరాలు నడుస్తాయి. రొట్టెలవాడి ఫెరన్ ఆరేస్తే పక్కింటికి ఎండ రాదు. ఇంకో విచిత్రం, టేపు మన ఛాతీ చుట్టూ ఉంటుంది, ప్రశ్నలు మాత్రం ఇంట్లోవాళ్ళ మీద ఉంటాయి.

"మీ ఇంట్లో చలికి ఎక్కువ వణికేదెవరు?" అని నన్నూ అడిగాడు.

శీతాకాలంలో మా అత్తగారు ఫాజీ వస్తారని చెప్పాను.

"మనిషి ఎలా ఉంటుంది?"

పక్కనే మా ఆవిడ హాజ్రా నిలబడి ఉంది. మా అత్తగారు ఎక్కితే టాంగా గుర్రం వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ మాట హాజ్రా ముందు అనగలనా? పల్చటి మనిషి అన్నాను. నడుము దగ్గర కాస్త బిగించమనీ, శ్రీనగర్‌లో ఇప్పుడందరూ అలాగే వేస్తున్నారనీ కూడా చెప్పాను.

కాకా నోట్లోంచి గుండుసూదులు తీశాడు. "దాన్ని కోటు అంటారు. కోటు కావాలంటే కోటు కుట్టేవాడి దగ్గరికి పో. ఫెరన్‌లో మనిషితో పాటు చోటు కూడా ఉండాలి."

ఆ చోటులోనే కోడి దూరింది. పెంకితనం కొద్దీ కుడుతున్నాడని ఊరంతా అనుకునేది. నేను కాస్త గట్టిగానే అన్నాను.

చిల్లై కలాన్ వచ్చింది. ఆ నలభై రోజుల్లో ఊపిరి కూడా గడ్డంమీదే గడ్డకడుతుంది. అత్తగారిని తీసుకురమ్మని హాజ్రా పంపింది. తిరుగు ప్రయాణంలో మంచు అడ్డుపడి బస్సు మూడు మైళ్ళ ముందే ఆగింది. మధ్యాహ్నమే అయినా ఆకాశం కుండ అడుగులా ఉంది. నా ఫెరన్ లోపల కాంగ్రీ, అదే మా బుట్టకుంపటి, ఉంది. అత్తగారు తన కుంపటి పట్టుకుని మా ఇంట్లో ఎండు వంకాయలు ఎవరూ సరిగా వండరని చెబుతూ ముందు నడుస్తున్నారు.

మంచు కింద కాలువ ఉన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. పొర విరిగింది. అత్తగారు నడుముదాకా దిగిపోయారు. ఆవిడ కుంపటి నీళ్ళలో సుయ్యిమంది.

ఎలా లాగానో తెలియదు, లాగాను. నిమిషంలో ఆవిడ ఫెరన్ రేకులా బిగుసుకుంది. ఎటు చూసినా ఇల్లు లేదు, పొగ లేదు, మనిషి అడుగుజాడ లేదు. అప్పుడు అసలు భయం పట్టుకుంది. అత్తగారు మాట్లాడటం మానేశారు. పదహారేళ్ళలో ఆవిడ మాట ఆగడం అదే మొదటిసారి. పెదవులు వంకాయరంగుకు తిరిగాయి. పిలిస్తే కళ్ళు నాకేసి తిరగలేదు.

హాజ్రాకి ఏం చెప్పాలి? నా ఫెరన్ తీసి ఆవిడకిస్తే ఇల్లు చేరేది ఆవిడొక్కరే. ఇవ్వకపోతే నేనొక్కణ్ణే.

ఆవిడ తడి ఫెరన్ లాగి పారేశాను. లోపలి నూలు అంగీ పైభాగం పొడిగానే ఉంది. కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, నా ఫెరన్ ఎత్తి ఆవిడ మీద కప్పాను. మెడలోంచి ముందు నా తల, తరువాత ఆవిడ తల. మధ్యలో ఒకే కుంపటి. అది ఒరిగితే ఇద్దరం కాలతాం, ఆరితే ఇద్దరం గడ్డకడతాం. ఒకే అడుగు, కుడి, ఎడమ, మళ్ళీ కుడి. ప్రతి అడుగుకీ కింద నీళ్ళున్నాయేమోనని ముందు కాలితో మంచు తట్టి చూసేవాణ్ణి. అత్తగారి తల నా భుజంమీద బరువెక్కుతోంది.

మైలు దాటాక చెవి దగ్గర సన్నగా వినిపించింది.

"నీ గడ్డం గుచ్చుకుంటోంది నాయనా."

అంత తియ్యటి మాట ఆవిడ నోట అంతకుముందు వినలేదు. మరో పదడుగులకి ఎండు వంకాయల సంగతి ఎత్తుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి రొట్టెల దుకాణం ముందు జనం. నాలుగు కాళ్ళు, రెండు తలలు, ఒక ఫెరన్. నేను నేల చూశాను. ఎవరూ నవ్వలేదు. రొట్టెలవాడు ఒక్కో నోటికీ ఒక్కో వేడి రొట్టె అందించి, కిందటేడు తన తల్లిని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఇలాగేనని మెల్లగా చెప్పాడు.

మూడో రోజు ఖాలిక్ కాకా దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతిలో మరో డేరా ఉంది. ఎవరికని అడిగితే రమ్జాన్‌కి అన్నాడు. రమ్జాన్‌కి భార్య లేదు, పిల్లలు లేరు, అత్తగారసలే లేదు. మరి అంత వెడల్పు ఎందుకన్నాను.

"దారిలో ఎవరైనా తగలొచ్చుగా," అని సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.

కృతజ్ఞతలు చెప్పడానికే వెళ్ళాను. కానీ ఇన్నాళ్ళూ ఆయన్ని పెంకిమనిషి అన్న నోటికి ఆ మాట తేలిగ్గా రాలేదు. అలవాటైన ఫిర్యాదే వచ్చింది.

"అన్నీ బాగున్నాయి కాకా, మెడ ఒక్కటే ఇరుకైంది. ఇద్దరికీ ఊపిరాడలేదు."

కాకా సూదిమీంచి చూపు ఎత్తలేదు.

"అత్తగారు పల్చటి మనిషని చెప్పింది నువ్వే కదా మాస్టారూ."