రవళి బిడ్డను బెంచీ మీద విడిచిన రోజు

పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో రవళి నాలుగేళ్లు పనిచేసింది. మాత్రల అట్టలను డబ్బాల్లో సర్దే హాలులో ఆమె చేతి వేగం ఇంకెవరికీ లేదు. జోగిపేట దగ్గరి పల్లెలో కూలి చేసే మొగులయ్యకు ఆమె ఒక్కతే కూతురు. ఇంటర్ కాగానే పనిలో చేరి, అక్కడే బాయిలర్ దగ్గర పనిచేసే జైపాల్‌ను ఇష్టపడి పెళ్లి చేసుకుంది. జైపాల్‌ది పాశమైలారమే. అతని తల్లి శివమ్మ కోడలిని ఏనాడూ పేరుతో పిలవలేదు, నోరారా "బిడ్డా" అనేది.

కాన్పు పటాన్‌చెరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో జరిగింది. పంతొమ్మిది గంటలు నొప్పులు. లోపలికి ఇంటివాళ్లనెవరినీ రానివ్వలేదు. ఆయా మోచేత్తో పొట్టను అదిమింది. రవళి అరిస్తే నర్సు తొడ మీద చరిచి, "మొగునితోని పండుకున్ననాడు లేని నొప్పి ఇయ్యాల ఒచ్చిందా?" అంది. బిడ్డ పుట్టింది గానీ రక్తం ఆగలేదు. స్పిరిట్ వాసన, స్టీలు ట్రేల చప్పుడు. "పల్స్ దొరుకుతలేదు" అని ఎవరో అనడం ఆమె చెవిన పడింది. అది తన గురించేనని అర్థమైంది. ఇంకా ఉన్నానని చెప్పడానికి చెయ్యి ఎత్తబోయింది. చెయ్యి లేవలేదు.

జైపాల్‌తో పనిచేసే ఇద్దరు ఒడిశా వాళ్లు పరుగున వచ్చి రక్తమిచ్చారు. మర్నాడు డాక్టరు, తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం అని చెప్పింది. జైపాల్ వాడంతా జిలేబీ పంచాడు.

పాపకు సాన్విక అని పేరు పెట్టారు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లందరూ ఒకటే మాట. "ఆడదానికి మల్ల పుట్టుకనే. పాప మొకం సూస్తే అన్ని మర్శిపోతవ్." రవళి పాప ముఖం చూసేది. చూసిన ప్రతిసారీ ఆ గదే కనిపించేది. కునుకు పడితే చాలు, పొట్ట మీద మోచెయ్యి. వంటింట్లో గిన్నె జారిపడితే గోడకు అతుక్కుపోయేది. పాపకు పాలిచ్చేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేది.

"నాకు భయమైతుంది అత్తమ్మా" అని ఒకసారి చెప్పింది.

"బాలింతకు అట్లనే ఉంటది బిడ్డా. కడుపునిండ తిను, నిమ్మలమైతది" అంది శివమ్మ. ఆమె అన్నది ప్రేమతోనే.

మూడున్నర నెలల సూదికి ఎప్పటిలా శివమ్మే తీసుకెళ్లాల్సింది. ఆ పూట ఆమెకు జ్వరం, జైపాల్ షిఫ్టులో ఉన్నాడు. రవళి పాపను ఎత్తుకుని ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. లోపల నర్సు సీసా మూత తీసి దూదిని తడిపింది. స్పిరిట్ వాసన గుప్పుమంది. ట్రేలో ఏదో ఖణేలుమంది.

ఆ తర్వాత ఏం జరిగిందో రవళికి ఇప్పటికీ గుర్తు లేదు. తెలివి వచ్చేసరికి ముత్తంగిలో, రింగు రోడ్డు వంతెన కింద, లారీల మధ్య నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. పాదాలు పగిలి రక్తం కారుతోంది. పంక్చర్ల కొట్టు నడిపే నూరుద్దీన్ ఆమెను చూసి, చేత్తో లారీలను ఆపుతూ పక్కకు తీసుకొచ్చాడు. అతని భార్య ఆలంబీ స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. ఆలంబీ చూపు రవళి జాకెట్టు మీద పడింది. ముందంతా పాలతో తడిసిపోయి ఉంది.

"పసిపిల్ల ఉన్నదా అమ్మా నీకు? పిల్ల ఏది?"

అప్పుడు గుర్తొచ్చింది రవళికి. ఆమె వేసిన కేకకు రోడ్డు మీది జనం ఆగి చూశారు.

పాపకు ఏమీ కాలేదు. ఆశా కార్యకర్త కమలాకుమారి బెంచీ మీద నుంచి ఎత్తుకుని అప్పటికే ఇంటికి చేర్చింది. కానీ ఊరికి మాట చేరింది. కన్నబిడ్డను విడిచి పారిపోయిందన్నారు. గాలి సోకిందన్నారు. శివమ్మ కోడలికి తాయెత్తు కట్టించింది, పాపను మాత్రం చేతికివ్వలేదు. "జెర కోలుకోనీ బిడ్డా, తర్వాత ఇస్త" అంది, ఆమె కళ్లలోకి చూడకుండా.

మొగులయ్య వచ్చి కూతురిని తీసుకెళ్లాడు. పాప పాశమైలారంలోనే ఉండిపోయింది. పుట్టింట్లో రవళి పాలను చాటుకు వెళ్లి గోడ పక్కన పిండి పారబోసేది. ఇరవై రోజులకు అవీ ఎండిపోయాయి.

వదలకుండా పట్టుకున్నది కమలాకుమారే. ఫోన్లు చేసి చేసి, పాపకు ఐదో నెల వచ్చేసరికి రవళినీ జైపాల్‌నూ సంగారెడ్డి పెద్దాసుపత్రికి, మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి రప్పించింది. గుమ్మం లోపలికి రవళి అడుగు పడలేదు. ఆ డాక్టరమ్మ తానే బయటికొచ్చి మెట్ల మీద ఆమె పక్కన కూర్చుంది. గంట సేపు తొందరపెట్టలేదు. రవళి మొదటిసారి అంతా చెప్పింది. మోచెయ్యి, చరిచిన దెబ్బ, ఆ మాట, లేవని చెయ్యి.

"ఇది గాలి కాదు, పిచ్చి కాదు. చావు దాకా పోయొచ్చినవ్. నీ పానం ఇంటికొచ్చింది గని నీ మనసు ఇంకా ఆ గదిలనే ఉన్నది. మందులున్నయ్, మాట్లాడుకుందాం. టైమ్ పడ్తది" అంది డాక్టరమ్మ.

జైపాల్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "నేను తలుపు బయటనే ఉన్న రవళీ. నువ్వు లోపల గిట్లుంటే, ఇద్దరు మంచిగున్నరని నేను జిలేబీ పంచిన."

మందులు వాడింది. పదిహేను రోజులకోసారి వెళ్లి మాట్లాడింది. నిద్ర కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ఫ్యాక్టరీకి మాత్రం మళ్లీ పోలేకపోయింది. హాలు గుమ్మం దగ్గర అందరూ చేతులకు రాసుకునేది స్పిరిటే.

పాపకు పదకొండో నెల నడుస్తుండగా రవళి అత్తవారింటికి వచ్చింది. ఎత్తుకోబోతే పాప గుక్కపట్టి ఏడ్చి, వెనక్కి వాలి, శివమ్మ వైపు చేతులు చాచింది. "అమ్మా" అంది. రవళి వినడం అదే మొదలు.

"అమ్మ అగో, ఆమె" అని శివమ్మ ఎంత చూపించినా పాప నాయనమ్మ మెడనే కరుచుకుంది.

ఆ రోజు నుంచి, పాపను తల్లి వైపు మళ్లించడానికి శివమ్మ తనకు తోచిన దారి పట్టింది. పాప "అమ్మా" అంటే పలకడం మానేసింది. వంచిన తల ఎత్తకుండా బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేది. మూడో రోజు పాప ఆమె కొంగు పట్టుకుని పిలిచింది, మళ్లీ పిలిచింది, గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. శివమ్మ కళ్ల నీళ్లు చేటలో పడుతున్నాయి గానీ నోరు విప్పలేదు.

గుమ్మంలో నిలబడి రవళి ఎంతోసేపు చూసింది. చివరికి వచ్చి అత్త ముందు కూర్చుని చేట పక్కకు జరిపింది.

"పలుకు అత్తమ్మా" అంది. "పిలిచినప్పుడు ఎవ్వలు పలుకకపోతే దానికి భయమైతది."

శివమ్మ పాపను ఒడిలోకి లాక్కుని "ఓయ్" అని పలికింది. రవళి పెరట్లోకి వెళ్లి, బకెట్లో నానిన పాప బట్టలు ఒక్కొక్కటే ఉతికి ఆరేసింది.