అత్తమ్మ నాడ, మా పిల్లి

వారం నుంచి మా పిల్లి మీద నాకు డౌటే. రోడ్డు మీద చెరుకు లారీల భయానికి దాన్ని ఇంట్లనే ఉంచుతున్న. ఆడుకోనీకి ఈకల కర్ర కొనుక్కొచ్చిన. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి కర్ర ఊపితే, అది ఆవలించి పక్కకు తిరిగి పండుకుంటది.

"రోగమొచ్చినట్టుంది, పశువుల దవాఖానకు తీస్కపో" అన్నది మా అత్తమ్మ. ఆమెకు పిల్లంటెనే గిట్టదు. పైగ తన లంగ నాడ పిల్లే ఎత్కపోయిందని రోజూ లొల్లి.

ఈ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చిన. కిటికీల నుంచి చూస్తె, అత్తమ్మ చాటల న్యాల్‌కల్ ఊరి జొన్నలు ఏరుతున్నది. చేతులు ఖాళీ లేవు గదా, కాలి బొటనవేలికి ఆ నాడనే కట్టుకున్నది. కాలు ఊపంగనే పిల్లి ఎగిరి దుంకుతున్నది.

"దొరకదు బిడ్డా, ఇంకోసారి దుంకు!"

తలుపు చప్పుడు కాంగనే కాలు చీర కిందికి గుంజుకొని, "ఛీ, పో అవతలికి!" అన్నది. పిల్లి పోలేదు. పంజా పెట్టి నాడ బయటికి గుంజింది.

"నాడ దొరికినట్టుంది, అత్తమ్మా" అన్న.

"ఇప్పుడే. గా దొంగదే తెచ్చిచ్చింది" అన్నది, నా మొహం దిక్కు చూడకుండ.

మీ ఇంట్ల గూడ పిల్లి గిట్టదనేటోళ్లు ఉన్నరా? ఒకపారి చెప్పకుండ ఇంటికి పోన్రి. ముందుగాల కాలి బొటనవేలు చూడున్రి.