ఓబెద్ చెక్కిన సొరచేప

ఓబెద్‌కు భయం పుట్టుకతోనే వచ్చింది. ఊళ్లో మగవాళ్లంతా చూరచేపల కోసం ఒడ్డు కనిపించనంత దూరం వెళ్తుంటే, అతను మాత్రం పడవ కింద ఇసుక కనిపించే చోటే వల వేసేవాడు. "ఓబెద్ చేపలు పట్టడ్రా, చేపలే జాలిపడి వచ్చి వల్లో కూర్చుంటాయి" అని ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అతను కోపం తెచ్చుకునేవాడు కాదు. కోపం రావాలన్నా కాస్త ధైర్యం ఉండాలి కదా!

అలాంటి మనిషికి ఊరంతటిలోకీ మంచి జాజికాయ తోట దక్కింది. తండ్రి నాటిన చెట్లు. కొండకు పోయే బాట పక్కనే ఉంటాయి, కంచె లేదు. కాయ విచ్చుకుని లోపలి ఎర్రటి జాపత్రి కనిపించే వేళకు ఓబెద్ నీళ్ల మీద ఉండేవాడు. తిరిగి వచ్చేసరికి కింది కొమ్మలు బోసిపోయేవి. ఎవరు కోస్తున్నారో అతనికి తెలుసు, కానీ అడగడానికి నోరు పెగిలేది కాదు.

"అడగలేకపోతే మతకావైనా కట్టించు. ఏడాదంతా చాకిరీ మనది, కోత ఊరిదీనా?" అని భార్య దొర్సిలా పొద్దున సగ్గుగంజి వడ్డించేటప్పుడల్లా పోరేది.

మతకావు అంటే చెట్టుకు కట్టే కాపలా. సొరచేప బొమ్మ కడితే, దొంగ పొట్టను సొర కొరికినట్టే నొప్పి పట్టుకుంటుంది. కట్టినవాడే విప్పి, దాన్ని ముంచిన నీళ్లు తాగిస్తే తప్ప వదలదు. విప్పకముందే ఆ మనిషి సముద్రం దాటితే సొర వెంటపడి వచ్చి ప్రాణం తీస్తుంది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాళ్లు కూడా ఈ సంగతి దగ్గర తల అడ్డంగా ఊపరు.

ఓబెద్ కొండ మీద మతకావులు కట్టే ముసలాయన దగ్గరకు వెళ్లాడు. "కడతాను నాయనా. కానీ దానికి కళ్లుండవు. నీ పెళ్లాం మరిచిపోయి ఒక్క కాయ తెంపినా కొరుకుతుంది. ఆలోచించుకుని రా" అన్నాడాయన. ఓబెద్ ఆలోచించుకుంటానని చెప్పి కొండ దిగాడు. మళ్లీ ఎక్కలేదు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కముక్క ఒకటి తీసుకుని తనే సొరచేపను చెక్కాడు. దొర్సిలా పాత లంగా చింపి ఎర్ర పేలిక కట్టాడు. జనం చర్చి నుంచి బాట వెంట వస్తుండగా, అందరూ చూసేటట్టు పెద్ద చెట్టుకు వేలాడదీసి పెదవులు కదిలించాడు. మంత్రం లేదు, మాట లేదు, ఉత్త పెదవులే. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత ఒక్క కాయ పోలేదు. ఎగతాళి చేసినవాళ్లే లేచి చోటిచ్చేవాళ్లు. పడవ లాగుతుంటే పిలవకుండానే ఇద్దరు వచ్చి చెయ్యి వేసేవాళ్లు. తనను చూసి ఇంకొకళ్లు భయపడటం ఓబెద్‌కు బతుకులో మొదటిసారి. అది బాగానే ఉంది, అబద్ధమెందుకు.

రెండు కోతలు అలా గడిచాయి. మూడో కోత దగ్గరపడిన ఒక పొద్దున అతను ఒడ్డున వల దులుపుతుంటే పక్కింటి యకోమినా జుట్టు విరబోసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పెదనాన్నా, నీ కాళ్లు పట్టుకుంటా! మా పాప నెల్చే నీ చెట్టు కాయ తినేసింది. పై కండకు ఉప్పూ కారం అద్దుకుని తిన్నానని ఇప్పుడు ఒప్పుకుంది. నిన్నటినుంచీ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. విప్పు పెదనాన్నా, చిన్నపిల్ల, దానికేం తెలుసు!"

ఓబెద్ చేతిలోంచి వల జారిపోయింది. అది ఉత్త చెక్కముక్క. కొరకదు, కొరకలేదు. మరి పిల్ల పొట్టలో నొప్పి ఎక్కడిది?

గబగబా తోటకు వెళ్లి బొమ్మను విప్పుకొచ్చాడు. యకోమినా ఇంట్లో చాప మీద నెల్చే మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. చెయ్యి కుడివైపు పొత్తికడుపు దగ్గర్నుంచి తియ్యడంలేదు. వేరే దీవి నుంచి వచ్చిన నర్సమ్మ గుమ్మంలో నిలబడి, యకోమినా తండ్రి హెండ్రిక్‌తో వాదిస్తోంది. ఆ ఇంట్లో హెండ్రిక్ మాటే మాట.

"పేగు వాచింది తాతా. పట్నం తీసుకెళ్లి కోసి తీసెయ్యాలి. మోటారు పడవ సిద్ధంగా ఉంది."

"సొర కరిచినదాన్ని సముద్రం దాటిస్తావా? నీ ఊళ్లో దాటించుకో. ముందు ఓబెద్ విప్పాలి. నొప్పి తగ్గితే విప్పినట్టు, లేకపోతే లేదు" అన్నాడు హెండ్రిక్.

అందరూ ఓబెద్ వైపు తిరిగారు. ఏం చెయ్యాలో తోచక అతను బొమ్మను నీళ్లలో ముంచాడు. లోపలికేమీ తాగించొద్దని నర్సమ్మ అరిస్తే, పిల్ల పెదవులు మాత్రం తడిపాడు. మళ్లీ అదే పెదవుల ఆట. నీళ్లు పిల్ల మెడ మీద ఒలికాయి. ఏ దేవుడికి మొక్కాలో కూడా అతనికి గుర్తు రాలేదు.

కాసేపటికి నెల్చే ఒక్కసారిగా కెవ్వుమంది. ఆ తర్వాత మూలగడం ఆపేసింది. కాళ్లు నెమ్మదిగా చాపి, "అమ్మా, తగ్గింది" అంది.

ఇల్లంతా సంబరంతో హోరెత్తింది. యకోమినా వచ్చి ఓబెద్ చేతులు కళ్లకద్దుకుంది. "వదిలింది! పడవా వద్దు, పట్నమూ వద్దు. పొయ్యి మీద చేపలు పెట్టండి" అన్నాడు హెండ్రిక్. గుమ్మం దగ్గర దొర్సిలా ఛాతీ పొంగించుకుని నిలబడింది. ఒక్క నర్సమ్మ మొహం మాత్రం పాలిపోయింది. ఆమె ఓబెద్‌ను జబ్బ పట్టుకుని వెనక వసారాలోకి లాక్కుపోయింది.

"బాబాయ్, వాచిన పేగు లోపల పగిలింది. పగిలితే కాసేపు నొప్పి తెలీదు. ఆ తర్వాత పొట్టంతా చీము. ఇప్పుడు బయల్దేరకపోతే పిల్ల బతకదు. వాళ్లు నా మాట వినరు. నువ్వు చెబితే వింటారు."

"నేనేం చెప్పనమ్మా? తగ్గిందని అందరూ..."

"నువ్వు విప్పడం వల్లే తగ్గిందా? నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

తన గుండె దడదడలాడడం ఓబెద్‌కు చెయ్యి వేయకుండానే తెలుస్తోంది. నోరు విప్పితే తోట పోతుంది. రేపు పొద్దునకి చెట్ల మీద ఆకులు కూడా మిగలవు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. ఇన్నాళ్లూ భయపడినవాళ్లంతా మళ్లీ నవ్వుతారు, ఈసారి దగాకోరని రాళ్లేస్తారేమో కూడా. నోరు విప్పకపోతే? చాప మీద నెల్చే చక్కగా కళ్లు మూసుకుని ఉంది. ఆ నిద్ర చూస్తే అతనికి ఏడుపొచ్చింది.

లోపలికి వచ్చి చాప పక్కన నిలబడ్డాడు.

"అది... అందులో ఏమీ లేదు హెండ్రిక్."

"దేంట్లో?"

"సొరచేపలో. ముసలాయన కట్టలేదు. నేనే చెక్కాను. మంత్రం లేదు, ఏమీ లేదు. దాన్ని విప్పితే తగ్గేదీ లేదు. పిల్లను పడవెక్కించండి."

పొయ్యి మీద నూనె చిటపటలాడుతోంది. ముందుగా దొర్సిలా నెత్తి బాదుకుంది. "నా లంగా చింపి నాకే కట్టుకథలు చెప్పావా, ముదనష్టపోడా!"

హెండ్రిక్ లేచి వచ్చి ఓబెద్ మొహంలో మొహం పెట్టాడు. "రెండేళ్లు మమ్మల్ని చెక్కముక్కకు దణ్ణం పెట్టించావన్నమాట. సరే. నిజంగా ఉత్తదే అయితే నువ్వూ ఎక్కు ఆ పడవ. పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చో. సొర వస్తే ముందు నీకోసం రావాలి."

ఓబెద్ ఎక్కాడు.

దీవికీ పట్నానికీ మధ్య జలసంధిలో నీళ్లు నల్లగా ఉంటాయి, అడుగు కనిపించదు. పెద్దవాడయ్యాక అతను దాన్ని దాటింది లేదు. పిల్ల తల ఒళ్లో ఉంది, చెయ్యి దాని నుదుటి మీద ఉంది, చూపు మాత్రం పడవ వెనకే. ఉత్త చెక్కముక్క, నేనే చెక్కాను, నా చేత్తో చెక్కాను అనుకుంటూనే ఉన్నాడు. ఎక్కడో నీళ్లు చీలినట్టయితే పిల్లను దగ్గరకు లాక్కున్నాడు. అల. మళ్లీ చీలింది. అదీ అలే. నెల్చే కళ్లు తెరిచి, "తాతా, ఏం చూస్తున్నావ్?" అని అడిగితే, "ఊరికే తల్లీ" అన్నాడు. పట్నం రేవు కనిపించేదాకా అతను మెడ తిప్పలేదు.

డాక్టర్లు పొట్ట కోశారు. కాస్త ఆలస్యమైతే చెయ్యగలిగిందేమీ ఉండేది కాదన్నారు. నెల్చే బతికింది. ఆస్పత్రి మెట్ల మీద ఓబెద్ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తోట ఈపాటికి ఖాళీ అయి ఉంటుంది, పోనీ అనుకున్నాడు. అలా అనుకోగలిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

నెల్చే నడవగలిగాక అందరూ కలిసి తిరిగొచ్చారు. రేవులో ఆడవాళ్లు చుట్టూ మూగి పిల్ల గౌను పైకెత్తి చూశారు. కోసిన గాటుకు రెండు వైపులా కుట్ల గుర్తులు వరసగా ఉన్నాయి.

"అమ్మో, సొర పళ్లు చూడవే, ఎలా దిగాయో!"

"ఉత్తదన్నాడుగా?"

"అనకపోతే? అది వినేలా అనాలి కదా. తన కాపలాను తనే అందరిముందూ తిట్టుకుంటేగానీ పట్టు వదల్లేదు. ఎంత బలమైందో చూడు!"

ఓబెద్ నోరు తెరిచాడు. హెండ్రిక్ అతని భుజం మీద చెయ్యేసి, ఏమీ చెప్పొద్దన్నట్టు గౌరవంగా నొక్కాడు.

ఓబెద్ తిన్నగా తోటకు వెళ్లాడు. ఒక్క కాయా పోలేదు. అన్నీ పండి విచ్చుకుని, కొన్ని రాలి జాపత్రితో సహా మట్టిలో కుళ్లుతున్నాయి. వాటిని ముట్టుకున్నవాళ్లు లేరు. పెద్ద చెట్టుకు సొరచేప వేలాడుతోంది. యకోమినా ఇంట్లో నీళ్ల గిన్నెలో వదిలేసి వెళ్లిన బొమ్మ అది. పేలిక కొత్తది, ముడి తను వేసే ముడి కాదు.

"ఎవరు కట్టారిది?"

"నేనైతే కాదు. ఎవరూ కట్టలేదంటున్నారు" అంది వెనకాలే బుట్ట పట్టుకొచ్చిన దొర్సిలా. "ఎవరైతేనేం, కొయ్యి. పంటంతా నేలపాలవుతోంది. ఉత్త చెక్కముక్కేనని నువ్వే చెప్పావుగా."

"చెప్పాను."

"మరి కొయ్యి!"

ఓబెద్ చెయ్యెత్తాడు. కాయ అరచేతికి ఆనింది. కుడివైపు పొత్తికడుపులో ఏదో చురుక్కుమంది. చెయ్యి దించి భార్య వైపు చూశాడు.

"నువ్వు కోస్తావా?" అన్నాడు.

దొర్సిలా బుట్టను రెండు చేతులా పొట్టకు హత్తుకుని ఒకడుగు వెనక్కి వేసింది.